మాటలతో మనేద పోతుందా? సైకాలజిస్టు దగ్గర థెరపీ ఎలా సాగుతుందంటే

ఏటా ఇంటర్ ఫలితాలు వచ్చిన వారంలో పత్రికల్లో ఒక మాట తప్పకుండా కనిపిస్తుంది: "పిల్లలకు కౌన్సెలింగ్ ఇప్పించండి." ఆ గదిలోకి పోయాక ఏం జరుగుతుందో మాత్రం ఎక్కడా రాసి ఉండదు. మన సీమ జిల్లాల్లో కౌన్సెలింగ్ అనే మాటకు ఇప్పటికే మూడు అర్థాలు పాతుకుపోయాయి. ఒకటి ఇంజినీరింగ్ సీట్ల కౌన్సెలింగ్. రెండోది ఎన్నికలకు, పండగలకు ముందు రౌడీషీటర్లను స్టేషనుకు పిలిపించి పోలీసులు ఇచ్చే కౌన్సెలింగ్. మూడోది ఆలుమగలు కొట్లాడుకుంటే ఇద్దరినీ కూర్చోబెట్టి పెద్దలు చెప్పే బుద్ధి. చివరి రెండింటిలోనూ ఒకరు చెప్తారు, ఇంకొకరు తలొంచుకుని వింటారు.

సైకాలజిస్టు దగ్గరికి మొదటిసారి పోయేవాళ్లు చాలామంది ఇదే ఊహతో పోతారు. ఆయన నాలుగు మంచి మాటలు చెప్తాడు, మనం "సరే సార్" అని వచ్చేస్తాం అనుకుంటారు. అక్కడ ఆయన చెప్పకపోగా మననే అడుగుతుంటాడు. బయటికొచ్చాక "ఊరికే మాట్లాడించి పంపించినారు" అనిపిస్తుంది, రెండోసారి కాలు కదలదు. థెరపీ మధ్యలో ఆగిపోవడానికి ఈ అపార్థం కూడా ఒక కారణం. థెరపీ గదిలో జరిగేది వారానికి ముప్పావు గంట. అసలు పని మిగిలిన వారమంతా ఇంట్లో, అంగట్లో, బస్సులో జరుగుతుంది. గదిలో ఆ పనికి కొలతలు తీస్తారు.

బోర్డు మీద పేర్లు: ఎవరు ఏం చేస్తారు

మొదటి చిక్కు పేర్ల దగ్గరే ఉంది. సైకియాట్రిస్టు అంటే ఎంబీబీఎస్ చదివి, ఆ తర్వాత మానసిక వైద్యంలో ఎండీ, డీఎన్‌బీ లేదా డీపీఎం చేసిన డాక్టరు. మందులు రాస్తారు, అవసరమైతే ఆసుపత్రిలో చేర్చుకుంటారు. సైకాలజిస్టు చదివింది మనస్తత్వశాస్త్రం. మందులు రాసే అధికారం లేదు. పరీక్షలు పెట్టడం, థెరపీ చేయడం ఆయన పని.

సైకాలజిస్టుల్లోనూ తేడాలున్నాయి. క్లినికల్ సైకాలజిస్టు అనే మాటకు చట్టంలో అర్థం ఉంది. సైకాలజీలో పీజీ తర్వాత రెండేళ్లపాటు ఆసుపత్రిలో రోగుల మధ్య శిక్షణతో ఎం.ఫిల్ చేసి, భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ దగ్గర పేరు నమోదు చేయించుకున్నవాళ్లకు చాలాకాలంగా ఆ పేరు వాడుతున్నారు. ఆ మండలికి ఆధారం 1992 నాటి చట్టం. నమోదైనవాళ్లకు ఒక నంబరు ఉంటుంది, దాన్ని ఆర్‌సీఐ వెబ్‌సైటులో ఎవరైనా సరిచూసుకోవచ్చు. "మీ ఆర్‌సీఐ నంబరు చెప్తారా" అని అడగడం తప్పు కాదు, అర్హత ఉన్నవాళ్లు నొచ్చుకోరు.

కౌన్సెలర్ అనే మాటకు అంత గట్టి కంచె లేదు. పీజీ చేసి ఏళ్ల తరబడి పెద్దల దగ్గర పని నేర్చుకున్నవాళ్లూ ఆ బోర్డు పెడతారు, నెలరోజుల ఆన్‌లైన్ కోర్సు చేసినవాళ్లూ పెడతారు. బోర్డు మీద "డా." అని ఉంటే మందులు రాస్తారని కూడా కాదు, పీహెచ్‌డీ చేసిన సైకాలజిస్టు పేరు ముందు కూడా అదే ఉంటుంది.

మన జిల్లాల్లో ఇంకొకరున్నారు: నరాల డాక్టరు. నిద్ర పట్టకపోయినా, తల బరువెక్కినా, మనసు బాగలేకపోయినా మొదట ఆయన దగ్గరికే పోతారు, ఎందుకంటే అక్కడ కూర్చుంటే ఎవరూ వేరుగా చూడరు. ఫిట్స్, పక్షవాతం, చేతులు కాళ్లు తిమ్మిరెక్కడం లాంటివి ఆయన చూసే జబ్బులు. మనేద ఆయన శాఖ కాదు.

మొదటి గంట: ప్రశ్నలు ఎందుకన్ని

మొదటి సిట్టింగు మామూలుగా 50 నిమిషాల నుంచి గంటన్నర దాకా పడుతుంది. అందులో చికిత్స దాదాపు ఉండదు. ఇల్లు కట్టేముందు మేస్త్రి స్థలం చుట్టూ తిరిగి చూసినట్టు, ఆ గంట అంతా చూడటానికే. సంభాషణ సుమారుగా ఇలా సాగుతుంది:

"చెప్పండి, ఏం ఇబ్బందిగా ఉంది?"

"నిద్ర పట్టదు మేడం. గుండె దడదడ కొట్టుకుంటాది."

"ఎప్పట్నించి?"

"ఉగాది ముందర్నుంచి."

"ఉగాదికి ముందు ఇంట్లోగానీ పనిలోగానీ ఏమన్నా మారిందా?"

"అంటే... మా నాయిన పోయినాడు. కానీ అది సంక్రాంతికి."

"కానీ" దగ్గర ఆగి ఆమె ఇంకో ప్రశ్న అడుగుతుంది. నిద్ర ఎన్నింటికి పడుతుంది, ఎన్నింటికి మెలకువ వస్తుంది, ఆకలి ఎలా ఉంది, మందు తాగుతారా, వారానికి ఎంత, ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉండేదా, బీపీ, షుగరు, థైరాయిడ్ ఉన్నాయా, ఏ మాత్రలు వాడుతున్నారు. శరీరం గురించి అడగడానికి కారణం ఉంది. థైరాయిడ్ ఎక్కువైతే దడ, ఆదుర్దా వస్తాయి, తక్కువైతే నీరసం, దిగులు వస్తాయి. రక్తహీనత, బీ12 లోపం కూడా ఇలాగే వేషం మారుస్తాయి. అందుకే ఆరు నెలలుగా ఏ రక్తపరీక్షా చేయించుకోని మనిషిని ముందు ఫిజీషియన్ దగ్గరికి పంపే సైకాలజిస్టు తన పని తాను సరిగ్గా చేస్తున్నట్టే.

ఒక ప్రశ్న దగ్గర చాలామంది ఉలిక్కిపడతారు: "చచ్చిపోదాం అనే ఆలోచన వచ్చిందా?" ఇది అందరినీ అడుగుతారు. అడిగితే లేని ఆలోచన పుడుతుందనే భయం మనలో ఉంది, కానీ ఇన్నేళ్ల పరిశోధనలో దానికి ఆధారం దొరకలేదు. లోపల దాచుకున్నవాళ్లకు ఆ ప్రశ్న వినగానే ఊపిరి తిరిగినట్టు ఉంటుంది. నిజం చెప్తే పోలీసు కేసవుతుందేమోనన్న జంకు కూడా ఉంటుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి, శిక్షించకూడదు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత ఐపీసీ 309 సెక్షన్ కూడా లేదు.

కొన్నిచోట్ల ఒక కాగితం ఇచ్చి టిక్కులు పెట్టమంటారు. ఎక్కువగా వాడేది డిప్రెషన్ ఎంతుందో కొలిచే పీహెచ్‌క్యూ-9. గడిచిన రెండు వారాల గురించి 9 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు, మొత్తం 27. 5 నుంచి స్వల్పం, 10 నుంచి మధ్యస్థం, 15 నుంచి ఓ మోస్తరు తీవ్రం, 20 నుంచి తీవ్రం. ఒకామెకు మొదటి రోజు 16 వచ్చిందనుకుందాం. అది డిప్రెషన్ ఉందని తేల్చేసే తీర్పు కాదు, జ్వరం చూసే థర్మామీటరులాంటిది. అసలు ఉపయోగం ఎనిమిది వారాల తర్వాత తెలుస్తుంది. 16 కాస్తా 8కి దిగితే సగం తగ్గినట్టు లెక్క, చికిత్స పనిచేస్తోందని అర్థం. 5 కంటే తక్కువకు వస్తే దాదాపు కోలుకున్నట్టు. 15 దగ్గరే ఉంటే ఏదో మార్చాలి. ఐక్యూ పరీక్షలు, సిరా మరకల పరీక్షలు వేరే కోవకు చెందినవి. వాటికి విడిగా రెండు మూడు గంటలు పడుతుంది, థెరపీకి వచ్చిన అందరికీ అవి అక్కర్లేదు.

గుట్టు ఎంతవరకు దాగుతుంది

కడప ఏడురోడ్ల దగ్గర నిలబడితే పది నిమిషాల్లో తెలిసినవాళ్లు ఒక్కరైనా పలకరించే ఊళ్లు మనవి. "నేను చెప్పింది బయటికి పోతుందా?" అన్నది అందుకే మొదటి భయం. 2017 చట్టం 23వ సెక్షన్ ఆ గుట్టును హక్కుగా ఇచ్చింది. దానికి హద్దులున్నాయి: మనిషి ప్రాణానికో, ఇంకొకరి ప్రాణానికో ముప్పు ఉన్నప్పుడు, చికిత్సలో ఉన్న ఇంకో డాక్టరుకు తెలియాల్సినప్పుడు, కోర్టు ఆదేశించినప్పుడు. పిల్లల మీద లైంగిక దాడి జరిగిందని తెలిస్తే పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పక తప్పదు, అక్కడ సైకాలజిస్టుకు వేరే దారి లేదు. మంచి సైకాలజిస్టు ఈ హద్దులన్నీ మొదటి రోజే నోటితో చెప్తారు.

ఇంటివాళ్లు లోపలికి రావాలా అన్నదాని మీద రెండు వాదాలున్నాయి, రెండింటిలోనూ బలముంది. ఒంటరిగా ఉంటేనే మనిషి నోరు విప్పుతాడని ఒక వాదం. అత్త పక్కన కూర్చుంటే కోడలు ఏం చెప్పగలదు? రెండో వాదం: మన దగ్గర జబ్బు ఒక మనిషిది, దాన్ని మోసేది ఇల్లంతా. మాత్రలు వేయించేది, చికిత్సకు ఛార్జీలిచ్చేది ఇంటివాళ్లే. వాళ్లకేమీ తెలియకపోతే థెరపిస్టు చెప్పిన పనిని వాళ్లే అడ్డుకుంటారు. అందుకే ఇక్కడ చాలామంది మధ్యదారి పడతారు. మొదట పది నిమిషాలు అందరితో, తర్వాత మనిషితో ఒంటరిగా, చివర ఐదు నిమిషాలు ఇంటివాళ్లతో, అదీ ఏం చెప్పాలో ముందే ఆ మనిషిని అడిగి. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకైతే తల్లిదండ్రుల అనుమతి కావాలి. అయినా "ప్రాణాపాయం ఉంటే తప్ప వివరాలు మాకు చెప్పనక్కర్లేదు" అని తల్లిదండ్రులు ఒప్పుకున్నచోట పిల్లలు త్వరగా మాట్లాడతారు.

దగ్గరగా చూస్తే: గుత్తి దాటాక వచ్చిన దడ

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. అనంతపురం పాతూరులో బట్టల అంగడి ఉన్న ముప్పై నాలుగేళ్ల మనిషి. సరుకు కోసం బస్సులో కర్నూలుకు పోతూ గుత్తి దాటాక ఒక్కసారిగా గుండె అదిరింది, చెమటలు పట్టాయి, ఊపిరి ఆడలేదు. డోన్‌లో దిగి ఆసుపత్రికి పోతే ఈసీజీ బాగుంది. తర్వాత ఎకో, ట్రెడ్‌మిల్ పరీక్షలు కూడా బాగున్నాయి. "ఏమీ లేదు" అన్నారు. కానీ ఆ రోజు నుంచి ఆయన బస్సెక్కలేదు, సరుకు తమ్ముడు తెస్తున్నాడు. జేబులో ఎప్పుడూ ఒక నిద్రమాత్ర, చేతిలో నీళ్ల సీసా.

ఇది పానిక్ డిజార్డర్, అంటే ఉన్నట్టుండి భయం ముంచెత్తే జబ్బు అని తేలితే, ఎక్కువగా చేసేది సీబీటీ, అంటే ఆలోచనల్నీ నడతనూ కలిపి సరిచేసే పద్ధతి. ఆరన్ బెక్ అనే అమెరికన్ సైకియాట్రిస్టు 1960లలో దానికి రూపమిచ్చారు. రెండో సిట్టింగులో సైకాలజిస్టు కాగితం మీద ఒక చక్రం గీస్తుంది. గుండె కాస్త వేగంగా కొట్టుకుంది, దానికి ఎండ, టీ, నిద్రలేమి ఏదైనా కారణం కావచ్చు. "గుండెపోటు వస్తోంది" అన్న ఆలోచన వచ్చింది. ఆ భయానికి అడ్రినలిన్ విడుదలైంది, గుండె ఇంకా వేగం పెంచింది. "చూశావా, నిజమే" అనిపించింది. దిగిపోయాడు, హాయి వచ్చింది. ఆ హాయే అసలు ఉచ్చు. దిగినందుకే బతికానని మెదడు నేర్చుకుంది. నీళ్ల సీసా, మాత్ర, తమ్ముడు కూడా అదే పాఠం చెప్తున్నాయి.

మూడో సిట్టింగులో చేసే పని చూసేవాళ్లకు వింతగా ఉంటుంది. నిలబడినచోటే ఒక నిమిషం పరుగు. తిరిగే కుర్చీలో ఒక నిమిషం గిరగిర. ముక్కు మూసుకుని సన్నని స్ట్రాతో ఒక నిమిషం ఊపిరి. గుండె ఆరోగ్యంగా ఉందని పరీక్షల్లో తేలినవాళ్లకే ఇవి చేయిస్తారు, ఉబ్బసం, గర్భం, ఫిట్స్ ఉంటే మారుస్తారు. దడ అంటే చావు అనుకున్న మనిషి తానే దడ తెప్పించుకుని, అది వచ్చి పోవడం కళ్లారా చూస్తాడు. వంద మాటలు చెప్పినా రాని నమ్మకం ఇక్కడ మొదలవుతుంది.

ఆ తర్వాత మెట్లు కడతారు. ఆయన భయానికి 0 నుంచి 100 దాకా అంకెలు వేస్తే ఇలా వస్తాయి: బస్టాండులో ఆగి ఉన్న బస్సులో పదిహేను నిమిషాలు కూర్చోవడం 30, తమ్ముడితో పామిడి దాకా 45, ఒంటరిగా పామిడి దాకా 60, ఒంటరిగా గుత్తి దాకా 75, సీసా, మాత్ర రెండూ ఇంట్లో పెట్టి కర్నూలు దాకా 95. వారానికి ఒక మెట్టు, ఒక్కో మెట్టు మూడు నాలుగు సార్లు. ఎక్కేముందు చిన్న నోటుబుక్కులో రాయాలి: "గుత్తి లోపల స్పృహ తప్పుతాను, 80 శాతం నమ్మకం." దిగాక రాయాలి: "దడ వచ్చింది, స్పృహ తప్పలేదు, ఇప్పుడు నమ్మకం 30 శాతం."

ఇక్కడ నిపుణుల మధ్య కూడా తేడా ఉంది. భయం తగ్గేదాకా బస్సులో ఉండాలని, తగ్గడమే వైద్యమని పాత వాదం. భయం తగ్గినా తగ్గకపోయినా పరవాలేదు, అనుకున్న ప్రమాదం జరగలేదని మెదడు నేర్చుకుంటే చాలు అని కొత్త వాదం. ఆచరణలో మెట్లు దాదాపు ఒకటే, తేడా దేన్ని కొలుస్తారన్నదాంట్లో ఉంది.

చెడేది ఎక్కడ? మూడు చోట్ల ఎక్కువ. భయం తారస్థాయిలో ఉన్నప్పుడు గార్లదిన్నెలోనే దిగేయడం, అప్పుడు చక్రం మళ్లీ బిగుసుకుంటుంది. బస్సెక్కాడు గానీ దారి పొడుగునా ఫోను చూస్తూ, దండకం చదువుతూ మనసును పక్కకు తిప్పుకోవడం, అప్పుడు "ఫోనుండబట్టి బతికా" అనిపిస్తుంది. మూడోది మాత్ర. అల్ప్రాజోలం లాంటి ఆదుర్దా తగ్గించే మాత్ర వేసుకుని ఎక్కితే దడే రాదు, నేర్చుకోవడానికి ఏమీ మిగలదు. కానీ రోజూ వాడుతున్నవాళ్లు దాన్ని ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ దాకా రావచ్చు. దాన్ని మెల్లగా తగ్గించే పని రాసిన డాక్టరుదే. సైకాలజిస్టు "మానేయండి" అంటే అది హద్దు మీరడమే.

అప్పుకు థెరపీ ఏం చేస్తుంది

అనంతపురం జిల్లాలో ఎవరైనా అడిగే ప్రశ్న ఇది, న్యాయమైన ప్రశ్న కూడా. వాన పడలేదు, శనక్కాయ ఎండిపోయింది, బోర్లు వట్టిపోయాయి, బంగారం కుదువలో ఉంది. దిగులుకు కారణం కళ్లముందే ఉంటే మాట్లాడి ఏం లాభం?

ఒక పక్షం ఏమంటుందంటే, బతుకు కష్టాన్ని జబ్బుగా మార్చి రైతు మనసును సరిచేయాలని చూడటం అన్యాయం, కావాల్సింది నీళ్లు, గిట్టుబాటు ధర, బీమా. దీన్ని కాదనలేం. థెరపీ అప్పు తీర్చదు. ఇంకో పక్షం అంటుంది: అదే కరువులో అదే ఊళ్లో ఒకరు మంచం పడతారు, ఇంకొకరు పడరు. మంచం పడిన మనిషికి డిప్రెషన్ వల్ల ఇంకో దెబ్బ తగులుతుంది. బ్యాంకుకు పోయి మాట్లాడే ఓపిక ఉండదు, నోటీసు విప్పి చదవడు, ఏ దారీ లేదని గట్టిగా నమ్ముతాడు. ఆ రెండో దెబ్బకు చికిత్స ఉంది.

దాని పేరు బిహేవియరల్ యాక్టివేషన్. దిగులు వచ్చిన మనిషి ఒక్కో పనీ వదిలేస్తాడు: పొలానికి పోవడం, కట్ట మీద కూర్చోవడం, గడ్డం గీసుకోవడం. వదిలిన కొద్దీ దిగులు చిక్కనవుతుంది. "మనసు బాగైతే పోతా" అనుకుంటాడు. చికిత్స దాన్ని తిప్పేస్తుంది: ముందు పోవడం, మనసు తర్వాత దానంతటది వెనకే వస్తుంది. మొదటి వారం పని చాలా చిన్నది. పొద్దున ఆరున్నరకు లేచి గేదె దగ్గరికి పోవడం, రాత్రికి ఆ పని ఎంత తృప్తినిచ్చిందో పదికి మార్కు వేయడం, అంతే. మూడో వారానికి అప్పుల పట్టిక: ఎవరికి, ఎంత, వడ్డీ ఎంత, ఎవరితో మాట్లాడితే గడువు దొరుకుతుంది. గోవాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, మానసిక వైద్యం చదవని స్థానికులకు శిక్షణ ఇచ్చి ఈ పద్ధతిలోనే 6 నుంచి 8 సిట్టింగులు చేయించారు. మామూలు వైద్యం ఒక్కటే అందినవాళ్లకంటే వీళ్లలో ఎక్కువమంది కోలుకున్నారని 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఫలితాలు వచ్చాయి. పెద్ద చదువులు చదివిన నిపుణులు తక్కువగా ఉన్న మన జిల్లాలకు ఆ ఫలితం చాలా విలువైంది.

మందులా, మాటలా

"మందులు అలవాటైపోతాయి, మాటలే మేలు" అనేవాళ్లున్నారు. "మాటలతో ఏమొస్తుంది, మాత్ర వేస్తే నెలకు తగ్గుతుంది" అనేవాళ్లూ ఉన్నారు. జబ్బును బట్టి జవాబు మారుతుంది. స్వల్ప, మధ్యస్థ డిప్రెషన్‌లో, పానిక్‌లో, భయాల్లో థెరపీ ఒక్కటే చాలుతుంది చాలామందికి. తీవ్రమైన డిప్రెషన్‌లో రెండూ కలిపితే ఫలితం మెరుగు. లేవలేని మనిషికి బస్సు మెట్లు కట్టలేం, ముందు మందు లేపాలి. స్కిజోఫ్రేనియా (లేని మాటలు వినపడటం, లేనిపోని అనుమానాలు), బైపోలార్ (కొన్నాళ్లు దిగులు, కొన్నాళ్లు అతి ఉత్సాహం) జబ్బుల్లో మందు వెన్నెముక, థెరపీ దానికి తోడు. చెవుల్లో మాటలు వినపడుతున్న మనిషిని మాటలతోనే బాగుచేస్తామనేవాళ్లను నమ్మడం ప్రమాదం.

డిప్రెషన్ మందులు పనిచేయడానికి 2 నుంచి 6 వారాలు పడుతుంది. మొదటి పది రోజుల్లో కడుపులో తిప్పడం, ఆదుర్దా పెరగడం వంటివి వస్తాయి. ఆ రోజుల్లోనే చాలామంది మానేస్తారు. వీటికి నిద్రమాత్రల్లా వ్యసనం పట్టదు, కానీ ఒక్కసారిగా ఆపితే తలతిప్పు, చిరాకు వస్తాయి.

కసాపురం ఆంజనేయస్వామి దగ్గర నిద్ర చేయడం, కడప అమీన్‌పీర్ దర్గాకు పోవడం మన జిల్లాల్లో మతభేదం లేకుండా ఉన్నదే. థెరపిస్టు దీన్ని వెక్కిరిస్తే ఆ మనిషి మళ్లీ రాడు. అక్కడ దొరికే ఊరట నిజమైనదే, పదిమంది మధ్య కూర్చోవడం దానంతటదే మనసుకు బలం. గొలుసు వేయడం, కొట్టడం, వాడుతున్న మందు మాన్పించడం, వీటి దగ్గర మాత్రం గీత గీయాలి. సంకెళ్లు వేయడాన్ని 2017 చట్టం నిషేధించింది.

ఎన్ని వారాలు, ఎక్కడ

డిప్రెషన్‌కు సీబీటీ మామూలుగా 12 నుంచి 20 సిట్టింగులు. మళ్లీ మళ్లీ చేతులు కడుక్కునే ఓసీడీకి కూడా అంతే. పాములు, సూదుల్లాంటి ఒక్కదాని భయానికి ఒకే పెద్ద సిట్టింగు, మూడు గంటల దాకా, సరిపోయిన సందర్భాలున్నాయి. చిన్నప్పటి గాయాలు, ఏళ్ల తరబడి చెడుతున్న సంబంధాలు ఉంటే నెలలు పడుతుంది. ఫీజు ఎంత, సిట్టింగు ఎన్ని నిమిషాలు, రాలేకపోతే డబ్బు కట్టాలా, ఈ మూడూ ఫోన్లోనే తేల్చుకోదగ్గవి. మానసిక జబ్బులకూ మిగతా జబ్బులతో సమానంగా బీమా ఇవ్వాలని చట్టం చెప్తున్నా, ఎక్కువ పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే చెల్లిస్తాయి, వారంవారం థెరపీకి రావు.

కర్నూలు, అనంతపురం, కడప ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో సైకియాట్రీ విభాగాలున్నాయి. అక్కడి ఓపీలో మొదట సైకియాట్రిస్టు చూస్తారు. రద్దీ వల్ల ఐదారు నిమిషాలే దొరకొచ్చు. థెరపీ కావాలంటే "సైకాలజిస్టు ఏ రోజు ఉంటారు" అని విడిగా అడిగితేనే తెలుస్తుంది. అనంతపురం వాళ్లు చాలామంది రెండొందల కిలోమీటర్లు దాటి బెంగళూరులోని మానసిక, నరాల వైద్య సంస్థ నిమ్హాన్స్‌కు పోతారు. జబ్బు తేల్చుకోవడానికి అది మంచి చోటు, కానీ వారంవారం పోయిరావడం కూలిపోగొట్టుకునే మనిషికి కుదరదు. అక్కడ తేల్చుకుని, కాగితాలు తెచ్చుకుని, ఇక్కడ థెరపీ కొనసాగించడం, లేదా వీడియోలో మాట్లాడటం వాడుకలో ఉన్న దారి. దిగులు, ఆదుర్దాలకు వీడియో థెరపీ ఎదురెదురుగా కూర్చున్నంతగానే పనిచేస్తుందని చాలా అధ్యయనాలు చెప్పాయి. మన ఇళ్లలో దానికి అడ్డు సిగ్నల్ ఒక్కటే కాదు, తలుపు మూసుకుని మాట్లాడే గది కూడా. మేడ మీదికి, పొలానికి, ఆపిన కారులోకి పోయి మాట్లాడేవాళ్లున్నారు.

ఎక్కడికీ పోలేని రాత్రికి టెలిమానస్ అనే ఫోన్ సాయం ఉంది. 2022 అక్టోబరు 10న కేంద్రం మొదలుపెట్టింది. 14416కు ఉచితంగా, ఏ వేళలోనైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

దారి తప్పుతోందని ఎలా తెలుస్తుంది

మొదటి రెండు మూడు సిట్టింగుల తర్వాత మనసు బరువెక్కడం మామూలే, కదిలించని బురద కదిలినట్టు. అది చెడ్డ గుర్తు కాదు. నాలుగు నుంచి ఆరు సిట్టింగులైనా పిసరంత మార్పు లేకపోతే, "నాకు తేడా తెలియడం లేదు" అని థెరపిస్టుకే చెప్పడం థెరపీలో భాగం. ఫలితం చికిత్స పద్ధతి మీద ఎంత ఆధారపడుతుందో, ఇద్దరి మధ్య నమ్మకం, ఒప్పుకున్న గురి, చేసే పని మీద ఏకాభిప్రాయం, వీటి మీదా అంతే ఆధారపడుతుందని చాలా పరిశోధనలు చెప్తున్నాయి. మన దగ్గర మర్యాద అడ్డొస్తుంది. చదువుకున్న మనిషి ముందు "కుదరడం లేదు" అనలేక, చెప్పకుండా మానేస్తారు.

కొన్ని గుర్తులుంటే మాత్రం ఆలోచించాల్సిన పని లేదు. ఒక్క సిట్టింగులో హిప్నాటిజంతో గ్యారంటీగా నయం చేస్తామనడం, ఇంకో రోగి కథ పేరుతో సహా చెప్పడం, రాళ్లు, పొడులు అమ్మడం, మందులు మానమనడం, విడాకులు తీసుకో అనో, సర్దుకుపో అనో ఆజ్ఞ వేయడం, అనవసరంగా తాకడం. స్వలింగ ఇష్టాన్ని "మారుస్తాం" అనేవాళ్లు జబ్బు కానిదానికి వైద్యం అమ్ముతున్నారు. దాన్ని 2022లో జాతీయ వైద్య కమిషన్ డాక్టర్లకు వృత్తి దుష్ప్రవర్తనగా తేల్చింది.

ఎలా ముగుస్తుంది

బాగైన రోజున ఠక్కున ఆపరు. వారానికి ఒకటి పదిహేను రోజులకు ఒకటవుతుంది, తర్వాత నెలకు ఒకటి. చివరి సిట్టింగులో ఒక కాగితం రాయిస్తారు. పాతూరు అంగడి మనిషి కాగితంలో ఇవి ఉండొచ్చు: మళ్లీ దడ వచ్చే అవకాశమున్న రోజులు, అంటే పెళ్లిళ్ల సీజను, నిద్రలేని రాత్రులు. తొలి గుర్తు, ఒంటరిగా పోవాల్సిన పనిని తమ్ముడికి అప్పగించాలనిపించడం. అప్పుడు చేయాల్సింది, ఆ వారంలోనే పామిడి దాకా ఒకసారి పోయిరావడం. రెండు వారాల్లో తగ్గకపోతే సిట్టింగుకు రావాల్సిన ఫోన్ నంబరు కింద రాసి ఉంటుంది. దడ మళ్లీ వస్తే చికిత్స ఓడిపోయిందని కాదని సైకాలజిస్టు ఆ రోజే చెప్తుంది. ఒకటి, మూడు, ఆరు నెలలకు ఒక్కోసారి రమ్మంటుంది. ఆ కాగితాన్ని ఆయన మడిచి సరుకు బిల్లుల పుస్తకంలో పెట్టుకుంటాడు. ఇంతకుముందు జేబులో ఉన్న మాత్రను డాక్టరు నాలుగు నెలల్లో పావు, పావు చొప్పున తగ్గించేశారు.